పచ్చి చెక్క పీపాలు

నిన్న పొద్దున వంటింటి కిటికీ తీయగానే పచ్చి చెక్క వాసన గుప్పున కొట్టింది. రాత్రి వాన పడి వెలిసింది. పక్కింటివాళ్ళు మా పెరటికీ వాళ్ళ పెరటికీ మధ్య చెక్క కంచె వేయిస్తున్నారు. అప్పుడే కోసిన పలకలు గడ్డి మీద దొంతరగా పేర్చి ఉన్నాయి. జిగురులో నిమ్మతొక్క నలిపినట్టు, కాస్త తీపి, కాస్త వగరు కలిసిన వాసన. మా అబ్బాయి కిరణ్ కాఫీ కప్పుతో నా వెనక నిలబడి రుసరుసలాడుతున్నాడు.

"చూడమ్మా, మనకి ఒక్క మాట చెప్పలేదు. ఇన్నేళ్ళు ఓపెన్‌గానే ఉంది కదా? ఇప్పుడేమొచ్చింది? సిటీ ఆఫీసుకి కంప్లైంట్ చేస్తా."

వాడి మాట సగమే నా చెవిన పడింది. ఆ వాసన అప్పటికే నన్ను చేయి పట్టుకుని వెనక్కి తీసుకుపోయింది. మిషిగన్‌లోని నోవైలో ఈ ఇల్లు కొనకముందు, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేము అద్దెకున్న చిన్న ఇంటి వంటగదిలోకి. అక్కడ ఒక పొడవాటి ముసలమ్మ మగవాళ్ళు వేసుకునేలాంటి ఉన్ని కోటు విప్పకుండానే నిలబడి, ఒక చెక్కముక్క నా ముక్కు దగ్గర పెట్టి, "వాసన చూడు సత్యా, ఇంకా చూడు" అంటోంది. ఆవిడ మిసెస్ హాన్సన్. నాకు చరిత్ర చెప్పిన టీచరమ్మ. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. నాకు అర్థమైనట్టు తెలుగులో రాస్తున్నాను.

డెబ్భైల చివర్లో నేను ఈ దేశంలో దిగేనాటికి నా చదువు బందరులో ఐదో తరగతి. అమ్మకు జబ్బు చేస్తే బడి మానేసి ఇంటిపట్టున ఉండిపోయాను. కానీ విన్నదేదీ మరిచిపోయే అలవాటు లేదు నాకు. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని భారతం చెబుతుంటే పక్కన ఒత్తులు చేస్తూ విన్నది ఇప్పటికీ పొల్లు పోకుండా చెప్పగలను. మా వారు కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసేవారు. ఆయన ఆఫీసుకి వెళ్ళాక నేనూ, పసివాడు కిరణూ, కిటికీ బయట మంచూ. వాడు కిండర్‌గార్టెన్‌లో చేరాక వాడి వెంట నేనూ బడికి వెళ్ళి, టీచరుకు సాయంగా పిల్లల కోట్లు విప్పి, బూట్ల లేసులు కట్టి, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, మిగిలింది చేతులతో కథలు చెప్పేదాన్ని. ఆ పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటుంటే మా నాయనమ్మ అరుగు మీద నేనే కూర్చున్నట్టుండేది.

ఒకరోజు ఆ టీచరు, "ఇక్కడ సహాయకురాలి ఉద్యోగం ఖాళీ అయింది, నువ్వు చేరకూడదూ?" అంది. నా గుండె ఎగిరి గంతేసింది. ఆఫీసులో అడిగితే, హైస్కూలు పూర్తిచేసినట్టు సర్టిఫికెట్టు ఉండాలన్నారు. వేసవి సెలవుల తర్వాత కొత్త తరగతులు మొదలయ్యేలోపు తెచ్చుకుంటే ఉద్యోగం నాదేనన్నారు. అప్పటినుంచి పెద్దవాళ్ళ కోసం సాయంత్రాలు నడిపే క్లాసులకు వెళ్ళడం మొదలుపెట్టాను. ఇంగ్లీషూ లెక్కలూ ఎలాగో గట్టెక్కాయి. చరిత్ర ఒక్కటే మిగిలింది. చరిత్ర అంటే మిసెస్ హాన్సన్.

ఆవిడ రాగానే చేతి గడియారం విప్పి బల్ల మీద బోర్లా పెట్టేది. "మీరు మాట్లాడుతుంటే నేను టైము చూస్తే మీ మాట చచ్చిపోతుంది" అనేది. కార్ల ప్లాంటులో లే ఆఫ్ అయిన మగవాళ్ళూ, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక చదువు గుర్తొచ్చిన ఆడవాళ్ళూ ఉండేవాళ్ళు ఆ క్లాసులో. ఆవిడ దగ్గర సగం మార్కులు రాతకు, సగం నోటికి. ఒక్కొక్కరూ ఒక యుద్ధాన్ని తీసుకుని, అది ఎందుకొచ్చిందో, ఏం జరిగిందో, చివరికి ఏమైందో అందరి ముందూ నిలబడి చెప్పాలి. రాత నాకు నత్తనడక. కాబట్టి నోటితోనే గట్టెక్కాలి. నా వంతుకు వచ్చింది నాలుగు వందల ఏళ్ళనాటి సంగతి: స్పెయిన్ రాజు ఇంగ్లండు మీదికి ఆర్మడా అనే పెద్ద ఓడల దండును పంపడం.

మా వారు పుస్తకంలో ఆ అధ్యాయం చదివి తెలుగులో చెబుతుంటే నాకు ఒక్క ముక్క దగ్గర దీపం వెలిగినట్టయింది. ఆ స్పెయిన్ రాజు ఇంగ్లండు రాణికి అక్క మొగుడట! తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. అక్క పోయాక బావగారు మరదల్ని చేసుకుంటానని కబురు పెట్టాడు. మరదలు ఇదిగో అదిగో అని నాన్చి, చివరికి కాదంది. ఇంక చెప్పేదేముంది? మా వైపు ఇలాంటివి ఎన్ని చూడలేదు! పిల్ల వద్దంటే రెండిళ్ళ మధ్యా రాకపోకలు తెగిపోవడం, పెళ్ళిళ్ళలో ఎదురుపడితే మొహాలు తిప్పుకోవడం. నాకు యుద్ధం మొత్తం అర్థమైపోయింది.

క్లాసులో నిలబడి ఆ బావామరదళ్ళ కథ దంచి చెప్పాను. రాణిని ద్రౌపదిలా నిలబెట్టాను. స్పెయిన్ వాళ్ళకు కోరలొక్కటే తక్కువ. నెలవంక ఆకారంలో వాళ్ళ ఓడలు బారులు తీరి రావడం, ఇంగ్లీషువాళ్ళు పాత ఓడలకు నిప్పంటించి వాళ్ళ మధ్యకు వదలడం, భయంతో వాళ్ళు లంగరు తాళ్ళు నరుక్కుని పారిపోవడం, తుఫానుకు కొట్టుకుపోవడం, అన్నీ చేతులూపి చెబుతుంటే మగవాళ్ళు బల్లలు చరిచారు. చివర్లో ఊపు మీద తెలుగులోనే "కథ కంచికి, మనం ఇంటికి" అనేసి, దాని అర్థం కూడా చెప్పాను.

చప్పట్లు కొట్టనిది ఇద్దరే. ఒకరు టీచరమ్మ. ఇంకొకరు నా పక్క కుర్చీలో కూర్చునే రోసా. మెక్సికో నుంచి వచ్చింది. క్లాసులో నాకున్న ఒక్క స్నేహితురాలు. చేతులు కట్టుకుని బల్లకేసి చూస్తోంది.

"బాగా చెప్పావు సత్యా" అంది టీచరమ్మ. "ఒక్కటి అడుగుతాను. కోపం వచ్చిన బావలు లోకంలో బోలెడంతమంది. అందరూ ఓడలు పంపరు. ఈయన ఎందుకు పంపాడు?"

"కోపం మరీ ఎక్కువేమోనండీ" అన్నాను.

"ఇంకొకటి. కంచి ఎక్కడుంది?"

"మా దేశంలోనండీ."

"అయితే ఈ కథ కంచికి వెళ్ళలేదు. నిజంగా ఎక్కడికి వెళ్ళిందో చూసుకుని రా. నువ్వు మరీ తొందరగా ఇంటికి వెళ్ళిపోయావు."

అందరూ నవ్వారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం చేజారినట్టే అనుకున్నాను. అప్పుడు రోసా తల ఎత్తకుండానే అంది: "ఆ ఓడల్లో ఉన్నవాళ్ళు నేను చేసే ప్రార్థనే చేశారు. ఆ ఓడలు కట్టిందేమో స్పెయిన్ వాళ్ళు మా కొండల్లో తవ్వుకుపోయిన వెండితో. ఈవిడ కథలో నేను ఎవరి కోసం ఏడవాలి?"

టీచరమ్మ గడియారం తిరగేసి చేతికి పెట్టుకుంది. "స్ప్రింగ్ సెలవులకు ముందు ఇంకొక్కసారి చెప్పు సత్యా. ఈసారి పాసైతేనే సంతకం పెడతాను. ఓడినవాళ్ళ వైపు నుంచి మొదలుపెట్టు."

ఆ సాయంత్రం చలికి మా వారి కారు స్టార్ట్ కాలేదు. ఆయన ఫోన్ చేసి చెప్పేసరికి టీచరమ్మే నన్ను దింపుతానంది. ఆవిడ స్టేషన్ వ్యాగన్ కారు వెనక ఏవో చెక్కముక్కలు దారి పొడుగునా దడదడలాడుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చాక మర్యాదకు కాఫీ తాగి వెళ్ళమన్నాను. వంటింట్లోకి రాగానే, నేల మీద వేడిగాలి వచ్చే జల్లెడ దగ్గర బోర్లించిన నా ఆవకాయ జాడీ మీద ఆవిడ కన్ను పడింది.

"ఇదేమిటి?"

"పచ్చడి జాడీ అండీ. తడి ఆరాలని పెట్టాను. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది సరిగా ఆరకుండానే కలిపాను. అంతా బూజు పట్టింది. ఊరి నుంచి తెచ్చుకున్న కారం మొత్తం పోయింది. రెండు రోజులు ఏడ్చాను."

ఆవిడ కాఫీ అక్కడే పెట్టి, కోటుతోనే మంచులోకి వెళ్ళి, కారులోని చెక్కముక్కలు రెండు పట్టుకొచ్చింది. మధ్యలో కొంచెం వంగిన పలకలు. వాళ్ళ నాన్న మిషిగన్ ఉత్తరాన చేపలకూ యాపిల్ పళ్ళకూ పీపాలు చేసేవాడట. ఒక పలక ఏళ్ళ తరబడి ఎండింది, వాసనే లేదు. ఇంకొకటి పచ్చిది.

"వాసన చూడు సత్యా, ఇంకా చూడు. దీనితో పీపా చేసి నీళ్ళు పోస్తే ఏమవుతుంది?"

"కారిపోతుంది. లోపల పెట్టింది కుళ్ళుతుంది."

"స్పెయిన్ ఓడలు బయలుదేరడానికి ముందటేడు ఒక ఇంగ్లీషు కెప్టెన్ వాళ్ళ తీరం మీద పడ్డాడు. ఓడలు తగలబెట్టాడు, అది అందరూ చెబుతారు. ఎండబెట్టి దాచుకున్న పీపాల చెక్క కూడా తగలబెట్టాడు. కొత్త పీపాలు పచ్చి చెక్కతో చేసుకోవాల్సి వచ్చింది. నడిసముద్రంలో రొట్టె బూజు పట్టింది, నీళ్ళు కారిపోయాయి. నీ జాడీ నీకు చెప్పలేదూ?"

నేను జాడీకేసి చూశాను. అప్పటిదాకా ఆ ఓడలు నాకు బొమ్మలో ఓడలే. అప్పుడు మొదటిసారి వాటి లోపల మనుషులు కనిపించారు. దాహంతో పీపా మూత తీసి, లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టేసిన ఎవరో ఒక తల్లి కొడుకు.

"యుద్ధం ఓడలు బయలుదేరాక మొదలవదు సత్యా" అంటూ ఆవిడ చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది. "వెనక్కి వెళ్ళి చూడు. నీ బావామరదళ్ళ కథలో ప్రతి ఒక్కరికీ ఏం కావాలో అడుగు."

మరునాటినుంచి పొద్దున్నే కాఫీ దగ్గర మా వారికి అదే పని. ఆయన పుస్తకం పట్టుకుని చదవడం, నేను దోసెలు వేస్తూ అడ్డు తగలడం.

"రాజుకు ఏం కావాలండీ?"

"తన మతం. రాణిది వేరే మతం కదా, ఆవిణ్ణి దింపి మళ్ళీ తన మతం నిలబెట్టాలని. పైగా ఆయన మతానికి చెందిన ఒక రాణిని, ఈవిడకు దగ్గరి చుట్టాన్ని, ఈవిడ కొన్నేళ్ళు చెరలో పెట్టి చంపించింది. అది ఆయనకు మంట."

"మరి రాణికి?"

"నిలబడటానికి కాస్త చోటు. ఆవిడ కెప్టెన్లు సముద్రం మీద స్పెయిన్ వెండి ఓడల్ని దోచుకొచ్చేవాళ్ళు. ఈవిడ చూడనట్టుండి వాటా పుచ్చుకునేది. డచ్చివాళ్ళు తమను ఏలే స్పెయిన్ మీద తిరగబడితే వాళ్ళకు సైన్యాన్ని కూడా పంపింది."

"డచ్చివాళ్ళెవరు మధ్యలో?"

"అదేంటే, మీ పేటవాళ్ళే! బందరులో వలందులంటారే, వాళ్ళే డచ్చివాళ్ళు. వలందపాలెంలో పుట్టిపెరిగి నన్నడుగుతావేంటి?"

గరిటె చేతిలోనే ఉండిపోయింది. "ఆ వలందులా?"

"ఆ వలందులే. దోసె మాడుతోంది చూడు."

దోసె మాడనీ. వలందపాలెం మా పేట. ఆ పక్కనే ఇంగ్లీషుపాలెం. చిన్నప్పుడు బందరు కోటకు వెళితే, వలందుల సమాధుల రాళ్ళ మీద కూర్చుని చింతపిక్కలు ఆడుకునేవాళ్ళం. వాళ్ళెవరో, ఎందుకొచ్చి అక్కడ పడుకున్నారో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మా వారు పుస్తకం పేజీలు గబగబా తిప్పి, "ఇదిగో, యుద్ధం అయ్యాక వీళ్ళే తూర్పుకు ఓడలు వేసుకొచ్చారట" అన్నారు. ఆ పూట ఆయన ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళారు.

సెలవుల ముందు క్లాసులో మళ్ళీ నిలబడ్డాను. రోసా నాకేసి చూడటంలేదు. టీచరమ్మ గడియారం బోర్లా పెట్టింది.

"నాకు సముద్రం పడదు మహారాజా" అని మొదలుపెట్టాను. "ఓడెక్కితే జబ్బు చేస్తుంది. యుద్ధం తెలియనివాణ్ణి, ఇంకెవరినైనా పంపండి." స్పెయిన్ దండుకు నాయకుడిగా పెట్టిన దొరగారు రాజుకు అలా మొర పెట్టుకున్నాడని పుస్తకంలో ఉంది. రాజు వినలేదు. ఆయన వెనక నేనూ ఓడెక్కినట్టు చెప్పుకుంటూ పోయాను. రాజుకు కావలసిన మతం, రాణికి కావలసిన చోటు, డచ్చివాళ్ళకు కావలసిన స్వేచ్ఛ, కెప్టెన్లకు కావలసిన వెండి. ఆ వెండి ఎవరిదో చెప్పేటప్పుడు రోసా వైపు తిరిగి, "అది వీళ్ళ కొండల్లోది. తవ్వినవాళ్ళను ఇద్దరిలో ఎవరూ అడగలేదు" అన్నాను. పచ్చి చెక్క పీపాలు చెప్పాను. నిప్పు ఓడలకు భయపడి నరుక్కున్న లంగర్లు, ఆ తర్వాత తుఫానులో ఐర్లండు తీరాన ఆగుదామంటే లేకుండాపోయిన సంగతి చెప్పాను. రాళ్ళకు కొట్టుకుని పోయినవాళ్ళ పేరిట మెక్సికోలో అయితే ఏ పాట పాడతారని రోసాను అడిగాను. ఆమె కట్టుకున్న చేతులు విప్పింది. పాట పాడలేదు, పెదవులు మాత్రం కదిపింది.

"ఎవరు గెలిచారు?" అంది టీచరమ్మ.

"ఆ ఏడాది ఇంగ్లీషువాళ్ళు గెలిచారండీ. గెలిచిన నావికులు సొంత రేవులోనే జబ్బులతో పోయారు. మరుసటేడు వీళ్ళు స్పెయిన్ మీదికి ఓడలు పంపితే వీళ్ళకీ అదే గతి పట్టింది. స్పెయిన్ మళ్ళీ ఓడలు కట్టుకుంది. బావ పోయాడు, మరదలూ పోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు కూర్చుని రాజీ చేసుకున్నారు."

"మరి కథ ఎక్కడికి వెళ్ళింది?"

నేను గోడ మీది మ్యాపు దగ్గరకు నడిచాను. బందరు పేరు అందులో లేదు. కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూసుకుని, దానికి కొంచెం ఉత్తరాన వేలు పెట్టాను.

"కంచికి కాదండీ, మా బందరుకు. ఇక ఎవరికీ భయపడక్కర్లేదని డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ ఓడలేసుకుని మా అద్దకం బట్టల కోసం ఇక్కడికొచ్చి దిగారు. నేను పుట్టిన పేటకు వాళ్ళ పేరే. ఆ తర్వాత మా దేశానికి ఏమైందో మీకు తెలుసు. ఈ కథ మా వీధిలో ముగిసిందని చెబుదామనుకున్నాను. కానీ నేను ఇంగ్లీషు మాట్లాడుతూ ఇక్కడ నిలబడ్డాను కదా. ఇంకా ముగిసినట్టు లేదు."

టీచరమ్మ లేచి వచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని, నేను వేలు పెట్టిన చోటును చాలాసేపు చూసింది. "బందర్" అని నోట్లో రెండుసార్లు అనుకుంది, కొత్త రుచి చూసినట్టు. తర్వాత బల్ల దగ్గరకెళ్ళి గడియారం తిరగేసింది.

"టైము దాటిపోయింది సత్యా. కూర్చో." అని, సంతకం పెట్టాల్సిన కాగితం ముందుకు లాక్కుంది. సంతకం పెడుతూ తల ఎత్తకుండానే, "వచ్చే ఏడాది ఈ పాఠం చెప్పేటప్పుడు నువ్వు వేలు పెట్టిన చోటే నా వేలు పెడతాను" అంది.

కుర్చీలో కూర్చోగానే రోసా మోచేత్తో పొడిచింది. "ఆ దొర సముద్రం పడదంటే నమ్మాను. మా ఆయనకు బాత్‌టబ్బే పడదు."

వేసవి అయ్యాక ఆ బడిలో చేరాను. పిల్లలు నన్ను మిసెస్ సత్య అనేవాళ్ళు. నా జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేశాను. బొమ్మ కోసం జుట్లు పట్టుకుని ఏడుస్తూ ఇద్దరు నా దగ్గరకొస్తే, "ఎవరు మొదలుపెట్టారు?" అని నేనెప్పుడూ అడగలేదు. "వాడికి ఏం కావాలో నువ్వు చెప్పు. దీనికి ఏం కావాలో నువ్వు చెప్పు" అనేదాన్ని. సగం తగువులు అక్కడే తెగిపోయేవి. మిగతా సగానికి బిస్కట్లు ఉండనే ఉన్నాయి. మిసెస్ హాన్సన్ ఆ ఎనభైల్లోనే రిటైరై ఉత్తరానికి, వాళ్ళ నాన్న ఊరికి వెళ్ళిపోయింది. ప్రతి క్రిస్మస్‌కీ కార్డు రాసేది. ఆవిడ పోయిన సంగతి వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "మ్యాపు మీద మీ ఊరు ఎక్కడుందో మా ఇంట్లో అందరికీ తెలుసండీ" అంది. దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. లోకంలో ఎక్కడో ఒక మంచు ఊళ్ళో, నేను ఎన్నడూ చూడని ఇంట్లో, మా బందరు ఉంది.

"అమ్మా, వింటున్నావా?" అన్నాడు కిరణ్. "కంప్లైంట్ ఆన్‌లైన్‌లో పెట్టేయనా?"

"పెడుదువుగాని. ముందు వాళ్ళ వైపు నుంచి చెప్పు."

"అబ్బా, మళ్ళీ మొదలుపెట్టావా! నేనేమైనా కిండర్‌గార్టెన్ పిల్లాణ్ణా?"

"చెప్పరా."

వాడు కాఫీ కప్పు గట్టు మీద పెట్టి, విసుగ్గా కిటికీలోంచి చూశాడు. పక్కింటి పెరట్లో వాళ్ళ బుడ్డోడు పచ్చగడ్డి మీద రెండు అడుగులు వేసి చతికిలబడ్డాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ మా వైపే తిరిగాడు. మా వైపు, మా వాడు ఇష్టపడి తవ్వించుకున్న చేపల కొలను ఉంది.

కిరణ్ ఆ పిల్లాణ్ణీ కొలనునీ మార్చి మార్చి చూశాడు.

"వాడికి నడక ఎప్పుడొచ్చిందమ్మా?"

"పోయిన వారమే అనుకుంటా."

వాడు మెడ వెనక గోక్కున్నాడు. చిన్నప్పుడు తప్పు దొరికితే ఎలా గోక్కునేవాడో అలాగే. చెప్పులు వేసుకుని పెరటి తలుపు తీశాడు.

"ఏం చెప్పమంటావ్ వాళ్ళకి?"

"పెయింట్ ఇప్పుడే వేయొద్దని చెప్పు. చెక్క ఇంకా పచ్చిగా ఉంది. ఎండనివ్వమను."